ఇక చాలన్న కబురు

పసుపు పట్టీ మణికట్టుకు చుట్టగానే అది కీచుమని మోగింది. హైమావతి ఉలిక్కిపడి అట్లకాడ కింద పడేసింది. పెనం మీద అట్టు తన దారిన తాను మాడసాగింది.

"అమ్మా, కదలకు," అంది వెన్నెల.

కదలకపోతే అట్టు ఎవరు తిరగేస్తారన్న సందేహం ఆ పిల్లకు రాలేదు. ఇంజినీరింగు మూడో సంవత్సరం చదువుతోంది, పైగా ప్రపంచాన్ని బాగుచేసే పనిలో ఉంది. అంత పెద్ద పనిలో ఉన్నవాళ్లకు అట్లు కనిపించవు. అట్లు పళ్లెంలోకి వచ్చాకే కనిపిస్తాయి.

పసుపు పట్టీ తల్లి చేతికి, దాని జత ఎర్ర పట్టీ కూతురి చేతికి. వెన్నెల స్నేహితుడు కిరీటి భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, పాకే గీతల వంక చూస్తున్నాడు. ఇద్దరూ కాలేజీ ల్యాబులో కూర్చుని ఏడాదిపాటు కుస్తీపట్టి తయారుచేసిన పట్టీలవి. ఒళ్ళు అలసినప్పుడు మెదడుకు ఒక కబురు పంపుతుందట, ఇక చాలు, కూర్చో అని. పసుపు పట్టీ ఆ కబురును దారిలోనే పట్టుకుంటుంది. ఎర్ర పట్టీ దాన్ని ఇంకో మనిషి ఒంట్లో దించుతుంది. నరాల్లోంచి దాన్ని ఎలా లాగుతారో కిరీటి వివరించబోయాడు గానీ, హైమావతి కొబ్బరి పచ్చడి గిన్నె అతని ముందుకు జరిపేసరికి విజ్ఞానం అక్కడితో ఆగింది.

ల్యాబులో వాళ్లు తీసుకున్న వీడియో హైమావతి అంతకు ముందే చూసింది. అందులో వెన్నెల మంచినీళ్ల టిన్ను భుజానికెత్తుకుని మెట్లెక్కుతూ దిగుతూ ఉంటే, కుర్చీలో తీరిగ్గా కూర్చున్న కిరీటి కుక్కలా రొప్పుతున్నాడు. ఆడపిల్ల మోస్తే మగపిల్లాడు అలిసిపోవడం ఆవిడకు చాలా నచ్చి, ఆ వీడియో రెండోసారి కూడా పెట్టించుకుంది.

ఇప్పుడు వంటింట్లో జరిగింది వేరు. ఇంకో రెండు అట్లు పోసేలోపే వెన్నెల ఫ్రిజ్‌కు చేరగిలబడి, నేల మీదికి జారి కూర్చుంది. నడుం పట్టుకుంది. పిక్కలు పట్టుకుంది. ఆఖరికి తల పట్టుకుంది.

"అమ్మా, నీకేదో జబ్బుందే," అంది నీరసంగా. "ఒకసారి చూపించుకోవాలి నువ్వు."

హైమావతికి మాత్రం ఒంటి మీంచి ఎవరో తడిదుప్పటి లాగేసినట్టుంది. అంతకాలం అది తన మీద ఉందని కూడా ఆవిడకు తెలియదు. ఆ ఊపులో పిండంతా అట్లు పోసింది, చిక్కుడుకాయలు ఈనెలు తీసింది, అటక మీది ఊరగాయ జాడీ దింపి తుడిచి మళ్లీ ఎక్కించింది. పట్టీ మోగుతూనే ఉంది.

అది మోగడం ఎందుకంటే, వాళ్లు దానికొక హద్దు పెట్టారు. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడి చతికిలబడ్డ కుర్రాళ్ల అలసట కొలిచి, మనిషి ఇక్కడ ఆగాలి అని గీత గీశారు. గీత దాటితే అలారం. హైమావతి, పొద్దున్నే, ఇంకా సగం పనైనా కాకముందే, ఆ గీతకు ఎంతో ఎత్తున ఉంది.

కిరీటి చాలాసేపు తెర వంక చూసి, ఆఖరికి తేల్చేశాడు. సెన్సారులో దోషం.

"ఇంటి పనికి ఇంత రాదు ఆంటీ. రీడింగు తప్పు."

ఆ రీడింగును లెక్కలోంచి తీసేశారు. మోత భరించలేక అలారం కూడా ఆపేశారు. మెషీన్‌నే పాడుచేశావని వెన్నెల వేళాకోళం చేస్తే హైమావతి కూడా నవ్వింది. జువాలజీలో డిగ్రీ చదివిన మనిషి. కండ అంటే ఏమిటో, అది ఎలా అలుస్తుందో ఒకప్పుడు బొమ్మలు గీసి మరీ పరీక్ష రాసింది. అయినా నవ్వింది, కిరీటికి ఇంకో అట్టు కూడా వేసింది.

*

వాళ్ల సేవా పథకానికి 'భుజం' అని పేరు పెట్టారు. పూసలవలస ఊళ్లో పొద్దున్నే వీధులూడ్చే ఆడవాళ్లకు పసుపు పట్టీలు, కాలేజీ వలంటీర్లకు ఎర్ర పట్టీలు. ఒక్కో వలంటీరు ఒక్కో మనిషి అలసట పుచ్చుకుంటారు. మీరు ఊడ్చండి, అలసట మాకివ్వండి అని గోడల మీద పోస్టర్లు వేశారు. కుర్రాళ్లు మంచివాళ్లు. మొదట్లో ఎగబడి చేరారు. చేరి, ఫొటో దిగి, పట్టీ కట్టుకుని, ఇంటికెళ్లి మంచమెక్కారు.

వెన్నెల జత నూకాలు. హైమావతి వాళ్ల వీధి ఊడ్చేది ఆమే. ఇద్దరు ఆడవాళ్లకూ పాత స్నేహం. గేటుకు అటొకరు ఇటొకరు నిలబడి వీధిలోవాళ్ల గుట్లన్నీ చెత్తబుట్టల సాక్షిగా మాట్లాడుకునేవారు. పట్టీ కట్టాక కొన్నాళ్లకు నూకాలు గేటు దగ్గర ఆగి, తాను పని నుంచి వెళ్లి మనవరాలికి తల దువ్వానని, దువ్వుతూ నిద్రపోలేదని చెప్పింది. అదేదో గొప్ప ప్రయాణం చేసొచ్చినట్టు చెప్పింది.

"పిల్ల ఏటన్నాదో తెలుసా అమ్మా? మామ్మా, నువ్వు మాటాడతావేటి అన్నాది."

ఆ మాటకు హైమావతి కళ్లు చెమర్చాయి. లోపలికి వచ్చి, మంచం మీద పీనుగులా పడున్న కూతురికి దుప్పటి కప్పింది. కప్పి, మంచం కింద ఊడ్చింది. పిల్ల ఊరి బరువంతా మోస్తోంది కాబట్టి దాని కంచం, దాని బట్టలు, దాని బండి మీద బురద, అన్నీ హైమావతి వాటాకు వచ్చాయి. భర్త ప్రకాశరావు కూతురి సేవాభావానికి పొంగిపోయి, పిల్లను లేపకు పాపం, కాఫీ నువ్వే పెట్టు అన్నాడు. అంతకు ముందు ఎవరు పెట్టేవారో ఆయనే చెప్పాలి.

తక్కిన వలంటీర్ల తల్లులు కూడా బజార్లో కనబడితే ఇదే గోల. అందరిళ్లల్లోనూ ఒక్కో సేవామూర్తి పడుకుని ఉంది. అయినా ఎవరూ పిల్లల్ని ఏమీ అనలేదు. మంచి పని చేస్తున్నారు కదా.

అంతవరకు బాగానే ఉంది. వేసవి ముదిరేసరికి నూకాలు గేటు దగ్గర ఆగడం మానేసింది. తల వంచుకుని గబగబా ఊడ్చుకుంటూ పోతోంది. పిలిస్తే, ఇంకో వార్డుందమ్మా అంది, చీపురు ఆపకుండానే.

సంగతేమంటే, మున్సిపాలిటీ తరఫున పారిశుధ్యం కాంట్రాక్టు తీసుకున్న సన్యాసిరావుకు బుర్రలో దీపం వెలిగింది. అలసట లేని మనిషి ఒక్క వార్డే ఎందుకు ఊడ్వాలి? రెండేసి వార్డులు ఇచ్చాడు. అలా ఇవ్వగా మిగిలిపోయిన సగంమంది ఆడవాళ్లను ఇంటికి పంపేశాడు. జీతం మాత్రం పాతదే. అలసట పోయినందుకు జీతం పెంచడమేమిటని అతని వాదన. కమిషనరుగారు సంతకం పెట్టారు. ఊరు ఎప్పుడూ లేనంత శుభ్రంగా ఉందని పేపర్లో వచ్చింది, భుజం పథకం బొమ్మతో సహా.

ఆ పేపరు పట్టుకుని హైమావతి కూతురి మంచం దగ్గరికి వెళ్లింది. ఇది చూశావా అని అడిగింది. చూశానంది వెన్నెల, కళ్లు సగమే తెరిచి. తమది సేవ అని, ఎవరికెన్ని వార్డులివ్వాలనేది పాలసీ అని, అది తమ చేతిలో లేదని అంది. అయితే ఊరికే కూర్చోలేదట. ఇకమీద అలసట ఎక్కువ వస్తుంది కాబట్టి తాను పొద్దున్నే కాక మధ్యాహ్నం దాకా పట్టీ ఉంచుకుంటుందట.

"అంటే వాడు బరువు పెంచుతాడు, నువ్వు ఇంకాస్త వంగుతావు."

"మరేం చెయ్యమంటావమ్మా? మానేస్తే ఆ అలసటంతా నూకాలమ్మ మీద పడదా?"

జవాబు లేని కోపం వంటింట్లో గిన్నెల మీదికి పోతుంది. ఆ రోజు ఆ ఇంట్లో గిన్నెలు బాగా మోగాయి.

*

మే నెలలో ఒక మధ్యాహ్నం. ఎండ వాకిట్లో కూర్చుని అందరినీ లోపలే ఉండమని కాపలా కాస్తోంది. హైమావతి ఉతికిన బట్టలు మడతపెడుతోంది. గదిలోంచి మూలుగు వినబడింది.

వెన్నెల మంచం మీద మెలికలు తిరిగిపోతోంది. కింది పెదవి పళ్లతో నొక్కిపట్టింది. దుప్పటి తడిసిపోయింది. తొడలు రాళ్లలా బిగుసుకున్నాయి. ఎర్ర పట్టీ ఉన్న చెయ్యి మంచం కోడును పట్టుకుని వదలడం లేదు. హైమావతి ఆ పట్టీ విప్పబోయింది. వద్దంది వెన్నెల. నూకాలమ్మ మార్కెట్ వార్డులో ఉంది, ఇప్పుడు విప్పితే ఈ ఎండలో ఆమె ఏమైపోతుంది అంది. ఆ మాట అనడానికి మూడుసార్లు ఊపిరి తీసుకుంది.

హైమావతి కూతురి అరికాళ్లు రుద్దుతూ కూర్చుంది. రుద్దుతుండగానే ఆ కాళ్లు ఒక్కసారిగా వదులయ్యాయి. వెన్నెల లేచి కూర్చుంది. మొహంలో ఆశ్చర్యం.

"అమ్మా, తేలికైపోయింది. మొత్తం పోయింది."

నవ్వింది కూడా. హైమావతి నవ్వలేదు. ఊడ్చే మనిషి మెల్లగా నీడకు వెళ్లి కూర్చుంటే అలసట మెల్లగా తగ్గుతుంది. స్విచ్చి తీసినట్టు పోదు. అక్కడ కబురు పంపే మనిషి కబురు పంపడం మానేసింది.

"బండి తియ్యి," అంది. చెప్పులు కూడా వేసుకోలేదు.

మార్కెట్ వెనక కాలువ గట్టు మీద, చెత్తబండి పక్కన, నూకాలు బోర్లా పడి ఉంది. చీపురు చేతిలోనే ఉంది. చుట్టూ చేరినవాళ్లు ఎండకు అలా పడిపోయి ఉంటుందని మాట్లాడుకుంటున్నారు. ఎవరో మొహాన నీళ్లు కొట్టారు. ఆమె కాళ్లు హైమావతి పట్టుకుని చూసింది. ఇందాక కూతురి కాళ్లు ఎలా ఉన్నాయో అలాగే, రాళ్లలా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. విశ్రాంతి లేకుండా ఎండలో కష్టపడేసరికి కండ కరిగిపోయి, ఆ కరిగిందంతా రక్తంలో కలిసి మూత్రపిండాల్లో అడ్డంపడింది. మామూలుగా మనిషి ఇంతదూరం రాదు, దీనికి చాలా ముందే ఒళ్ళు మొరాయించి కూలబడేస్తుంది, ఈమెకు అలాంటిదేమీ అనిపించలేదా అని ఆమె నిజంగానే తెలియక అడిగింది. వెన్నెల గోడవైపు తిరిగింది.

రక్తం శుభ్రంచేసే యంత్రం పక్కన పడుకుని, తెలివొచ్చాక నూకాలే దానికి జవాబు చెప్పింది.

"నాకేటీ తెలీనేదమ్మా. బాగానే ఉన్నాను. నీళ్లు తాగాలని కూడా అనిపించనేదు. సూర్యుడే తిరిగినట్టయింది."

హైమావతి బయటికి వచ్చింది. వరండాలో కిరీటి లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తెరవలేదు.

"ఆ పట్టీకి అలారం ఉండాలిగా," అంది. "ఎందుకు మోగలేదు?"

ఆపేశామన్నాడు. ఎప్పుడని అడిగింది. అతను తల దించుకున్నాడు.

"మీ ఇంట్లోనే ఆంటీ. అట్లు తిన్న రోజు."

ఆ తరవాత మళ్లీ పెడదామనుకున్నారట. పెట్టి చూస్తే, ఊడ్చే ఆడవాళ్లలో ఏ ఒక్కరికి కట్టినా మోగుతూనే ఉందట. అందరివీ తప్పుడు రీడింగులే అనుకున్నారట.

హైమావతికి అప్పుడొచ్చిన కోపం గిన్నెల మీద తీర్చుకునేది కాదు. "ఫుట్‌బాల్ ఆడినవాడికి కొలిస్తే అది అలసట. నాకు కొలిస్తే మెషీన్ పాడు. నూకాలుకు కొలిస్తే మెషీన్ పాడు. ఊళ్లో ఆడవాళ్లందరికీ కొలిచారు, అందరి దగ్గరా మెషీన్ పాడే. ఒక్కసారైనా మీ బుర్ర పాడేమోనని అనుమానం రాలేదా?"

గొంతు పెంచలేదు. వరండాలో నిలబడ్డ నర్సు మాత్రం చేతిలో ట్రే పట్టుకుని అలాగే ఆగిపోయింది.

వెన్నెల ఏడుస్తోంది. చిన్నప్పటినుంచీ ఆ ఏడుపుకు కరిగిపోవడం హైమావతికి అలవాటు. ఈసారి కరగలేదు.

"ఆమె ఒళ్ళు చాలు చాలని అరిచింది. ఆ అరుపు నువ్వు పట్టుకుపోయి ఏసీ గదిలో పడుకున్నావు. ఆమె దాకా వెళ్లనిచ్చావా? దీని పేరు సేవా?"

"మంచి చేద్దామనేగా అమ్మా..."

"చేద్దువుగాని. ముందు మొహం కడుక్కో."

*

మర్నాడు సన్యాసిరావు నూకాలు పేరు కొట్టేశాడు. ఆమెకు ముందునుంచే ఏదో జబ్బుందని, దాచిపెట్టి పనిలో చేరిందని చెప్పించాడు. జబ్బు అన్న మాట వినగానే హైమావతికి ఫ్రిజ్‌కు చేరగిలబడ్డ కూతురు గుర్తొచ్చింది. అలిసిపోయిన ఆడది కనిపిస్తే అందరికీ జబ్బే తడుతుంది. నూకాలు పేరు మళ్లీ ఎక్కాలి, ఆ రెండో వార్డు పోవాలి. ఆ రెండూ జరిగేదాకా తాను నిద్రపోనని హైమావతి అనుకుంది. ఎలాగూ ఆవిడకు నిద్ర తక్కువే.

మొదట మర్యాదగానే వెళ్లింది. సన్యాసిరావు ఆఫీసులో కుర్చీ వేశారు, కూల్‌డ్రింకు ఇచ్చారు. అమ్మా, మీ పాప వల్లే ఊరు బాగుపడింది అన్నాడతను. నూకాలు సంగతెత్తితే, వాళ్లకు అలవాటేనమ్మా, మొరటు ఒళ్ళు అన్నాడు. కమిషనరుగారు మీటింగులో ఉన్నారు. మరోసారి వెళ్తే మరో మీటింగులో ఉన్నారు. ఆ వారమే భుజం పథకానికి యువసేవా పురస్కారమని ఆహ్వానపత్రం ఇంటికొచ్చింది. కమిషనరు, సన్యాసిరావు, కాలేజీ ప్రొఫెసరు వేదిక మీద సేవాకంకణాలు కట్టుకుని ప్రతిజ్ఞ చేస్తారట. కట్టేది వెన్నెల తల్లిగా హైమావతేనట. ఇలాంటి సభల్లో అది మామూలే. పెద్దమనుషులు పసుపుతాడు కట్టుకుంటారు, ఫొటో అయ్యాక కారులో విప్పేస్తారు.

హైమావతి ఆ కార్డు రెండుసార్లు చదివింది. వంటింట్లోకి వెళ్లి పసుపు డబ్బా, నూలుదారం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది.

"ఎర్ర పట్టీలు మూడు కావాలి," అంది.

"ఎందుకమ్మా?"

"కంకణాలకి."

వెన్నెల తల్లి వంక చూసింది. ఆ పురస్కారం మీద ఆ పిల్ల చాలా ఆశలే పెట్టుకుంది. పై చదువుకు అది అక్కరకొస్తుందని ప్రొఫెసరు చెప్పి ఉన్నాడు. వాళ్లను అడక్కుండా కట్టడం తప్పు కదా అంది, మెల్లగా. తప్పేనంది హైమావతి. నూకాల్ని అడిగి ఎవరూ రెండో వార్డు ఇవ్వలేదు, అయినా అందరూ బాగానే నిద్రపోతున్నారు అంది. వీళ్లు కుర్చీల్లో కూర్చునే ఉంటారు, వీళ్ల కండ ఏమీ కరగదు అని కూడా అంది.

వెన్నెల లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది.

"అలారం కూడా పెడుతున్నా," అంది. "అన్నిటికీ."

*

సభ మున్సిపల్ మైదానంలో. వేదిక మీద కూలర్లు, ముందు వరసలో కుర్రాళ్లు, పక్కన ఎండలో చీపుళ్లు పట్టుకుని వరసగా నిలబెట్టిన ఆడవాళ్లు. పొద్దున రెండేసి వార్డులు ఊడ్చి, తిన్నగా వచ్చారు. ఆ రోజు వలంటీర్లందరి ఎర్ర పట్టీలూ విప్పేయించింది వెన్నెల. వరస చివర ఉన్న పైడమ్మకు, ఇంకో ఇద్దరికి హైమావతి ఈ కంకణాల సంగతి ముందే చెప్పి, ఇష్టమేనా అని అడిగింది. పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఇన్నాళ్లకు ఇంత మంచి పథకం ఎట్టినారా అంది.

వలంటీరు మాతృమూర్తి చేతుల మీదుగా కంకణధారణ అని మైకులో పిలిచారు. హైమావతి పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని వేదికెక్కింది. పసుపుతాడు చుట్టిన ఎర్ర పట్టీలు ముగ్గురి చేతులకూ భక్తిగా కట్టింది. ముగ్గురూ కెమెరా వంక చూస్తున్నారు గానీ చేతి వంక ఎవరూ చూడలేదు. వెన్నెల మీట నొక్కింది.

ఎండలో ముగ్గురు ఆడవాళ్ల పట్టీలు కీచుమని మోగడం మొదలుపెట్టాయి. వాటి వెంట వరసంతా. మైదానం నిండా ఒకటే కీచుమోత. ఏమిటా గోల, ఆపండి అని చెప్పడానికి లేచిన కమిషనరు సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. రెండోసారి లేవలేదు. ప్రొఫెసరు బల్ల మీద తల వాల్చేశాడు. అతనికి విషయం అర్థమైనట్టుంది, కళ్లు మూసుకున్నాడు. సన్యాసిరావు కుర్చీలో కుంగి ఇంతైపోయి, నడుం మీద చెయ్యి వేసుకోబోయి, ఆ చెయ్యి నడుం దాకా చేరక ఒళ్లోనే వదిలేశాడు. మైకు అతని మూతి ముందే ఉంది.

"నన్నెవరో కొట్టినట్టుంది," అన్నాడు.

"ఎవరూ కొట్టలేదండీ," అంది హైమావతి. "ఊడ్చారంతే."

అతను చేతి వంక చూసుకున్నాడు. పసుపుతాడు కింద ఎర్రగా కనబడింది. "ఎంతమందిది కట్టేసినావమ్మా నాకు?"

"ఒక్క మనిషిదే. ఇవాళ పొద్దున్నదే."

పట్టీలు మోగుతూనే ఉన్నాయి. కమిషనరు తీసెయ్యండి అన్నాడు. మీరే తీసుకోవచ్చు సార్, ముడి వదులుగానే వేశాను అంది హైమావతి. ఆయన రెండో చెయ్యి ఎత్తబోయాడు. అది బల్ల అంచుదాకా వచ్చి ఆగిపోయింది.

"నూకాలు రోజూ ఇలాగే ఉండి రెండు వార్డులు ఊడ్చింది," అంది ఆవిడ. "ఆమెకు తెలియకుండా చేశారు పిల్లలు. తెలిసి చేయించారు మీరు."

"ఒక మనిషికి రెండు వార్డులెవరిచ్చారు?" అన్నాడు కమిషనరు, తనకేమీ తెలియనట్టు.

"మీరే సంతకం ఎట్టినారు గదండీ," అన్నాడు సన్యాసిరావు. అబద్ధమాడడానికి కూడా కొంత ఓపిక కావాలి. అతని దగ్గర అది లేదు. "ఆ మనిషికి జబ్బూ నేదు గిబ్బూ నేదు. నానే సెప్పించాను. ముందు దీన్ని విప్పండమ్మా."

పైడమ్మ నవ్వింది మొదట. తరవాత వరసంతా. ఎండలో నిలబడి, చీపుళ్ల మీద ఆనుకుని, ఒళ్ళు తేలికైన ముగ్గురూ, తేలిక కాని తక్కినవాళ్లూ నవ్వారు. ఒక మనిషికి ఒకే వార్డు అని, నూకాలు పేరు ఉంటుందని, పంపేసినవాళ్లు తిరిగొస్తారని కమిషనరు మైకులో చెప్పాక, హైమావతి తీరిగ్గా వెళ్లి ముళ్లు విప్పింది.

పురస్కారం ఇవ్వడం ఎవరికీ గుర్తులేదు. వెన్నెల అడగలేదు కూడా.

*

మైకులో చెప్పింది కాగితం మీదికి రావడానికి చాలా తిరగాల్సి వచ్చింది. వలంటీర్లు తిరిగారు. మంచాల మీంచి లేచారు కాబట్టి వాళ్లకు ఓపిక ఉంది. ఎర్ర పట్టీలన్నీ ల్యాబులో బీరువాలో పడేశారు. పసుపువి మాత్రం ఉన్నాయి. అది మోగితే చీపురు కింద పెట్టి నీడన కూర్చోవాలి. సూపర్‌వైజరు లెమ్మంటే, పక్కనున్న వలంటీరు అతనితో పోట్లాడాలి. ఆ పోట్లాటలో కిరీటికి మంచి పేరొచ్చింది. గీత మాత్రం మార్చలేదు. బంతాట ఆడినవాడు ఎక్కడ చతికిలబడతాడో, మొదట గీసిన చోటే ఉంచారు.

నూకాలు మూత్రపిండాలు కొంత కోలుకున్నాయి, కొంత లేదు. ఇక ఎప్పటికీ చెత్తబండి తొయ్యకూడదన్నారు. ఆమెకు మున్సిపల్ నర్సరీలో మొక్కలకు నీళ్లుపోసే పని ఇప్పించారు. వెన్నెల చూడ్డానికి వెళ్తే, నిన్ను తిట్టాలని ఉంది పాపా, తిట్టడానికి ఓపిక నేదు అందట. ఆ మాట పిల్ల ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. హైమావతి ఓదార్చలేదు. కోపం ఇంకా ఉంది ఆవిడకు. ఉండాలనే అనుకుంటోంది.

ఒక ఆదివారం పొద్దున వెన్నెల పట్టీల జత తెచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. కాసేపు నీది నేను పుచ్చుకుంటానమ్మా అంది.

హైమావతి పెనం మీద అట్టు పోస్తోంది. పసుపు పట్టీ తీసుకుని చేతికి చుట్టుకుంది. ఎర్రదాన్ని కూతురి చేతిలోంచి లాక్కుని పోపులపెట్టెలో ఆవాల మీద పడేసి మూత పెట్టింది.

పట్టీ కీచుమని మోగింది.

ఆవిడ అట్లకాడ గట్టు మీద పెట్టి, హాల్లోకి వెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చుంది. పేపరు చదువుతున్న ప్రకాశరావు ఏమిటా మోత అని తలెత్తాడు. పెనం మీద అట్టు అంచులు ఎర్రబడుతున్నాయి. వాసన హాలు దాకా వచ్చింది. తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హైమావతి కాళ్లు రెండూ పైకి పెట్టుకుని, వంటింటివైపు చూడకుండా, ఎవరు లేస్తారా అని ఎదురుచూస్తూ కూర్చుంది.